అతికించిన జుట్టు, దాచిన మాట



ఈ నెల శీర్షికకు ఒక తల్లి రాసిన ఉత్తరాన్ని తీసుకుంటున్నాము. పేరూ ఊరూ ప్రచురించవద్దని ఆమె కోరారు. ఉత్తరం సారాంశం ఇది:

“మా అబ్బాయికి 29 ఏళ్లు. ఇరవై నాలుగో ఏట నుంచే నుదుటి పైభాగాన జుట్టు రాలిపోయింది. రెండేళ్ల క్రితం హెయిర్ ప్యాచ్ పెట్టించుకున్నాడు. దాన్ని జిగురుతో అతికిస్తారు. మూడు వారాలకోసారి సెలూన్‌కు వెళ్లి తీయించి, శుభ్రం చేయించి, మళ్లీ అతికించుకుని వస్తాడు. మొదట్లో సంతోషంగానే ఉన్నాడు. ఏడాదిగా మసీదుకు వెళ్లడం తగ్గించాడు. తరువాత ఇంట్లో కూడా నమాజు మానేశాడు. ఎంత అడిగినా కారణం చెప్పలేదు. చివరికి వాళ్ల ఆపాతో అన్నాడట: ‘తల మీద ఇది ఉండగా గుస్ల్ నెరవేరుతుందో లేదో తెలియదు, నమాజు చెల్లుతుందో లేదో తెలియదు. ఎవరినైనా అడగాలంటే ఈ సంగతి బయటపెట్టాలి. అందుకే మానేశాను’ అని. ఇప్పుడు సంబంధం కుదిరింది. రెండు నెలల్లో నికాహ్. అమ్మాయి వాళ్లకు ప్యాచ్ సంగతి తెలియదు. ‘చెబితే సంబంధం తప్పిపోతుంది, పెళ్లయ్యాక ఎలాగూ తెలుస్తుంది’ అంటారు మావారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?”

సోదరీ, మీ అబ్బాయి నమాజు మానడానికి కారణం అశ్రద్ధ కాదు, సిగ్గు. ఆ సిగ్గే ఇప్పుడు నికాహ్ వరకూ వచ్చింది. కాబట్టి ప్యాచ్ గురించి వివరంగా చెప్పుకుందాం. ఇటువంటి ఉత్తరం రాయలేక మౌనంగా ఉన్న ఇళ్లకు కూడా ఇది ఉపయోగపడవచ్చు.

జుట్టు రాలడం నేరం కాదు

పురుషులలో నుదుటి పైన, నడినెత్తిన జుట్టు పలచబడడం చాలావరకు వంశపారంపర్యం. తల్లి వైపు నుంచైనా, తండ్రి వైపు నుంచైనా రావచ్చు. శరీరంలో సహజంగా ఉండే హార్మోను ప్రభావానికి కొందరి కుదుళ్లు క్రమంగా కుంచించుకుపోతాయి. నూనె రాయకపోవడం వల్లనో, హెల్మెట్ పెట్టడం వల్లనో ఈ బట్టతల రాదు.

అయితే రాలిన ప్రతి జుట్టూ ఈ కోవకు చెందదు. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాల తరువాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది. సాధారణంగా కొన్ని నెలలలో అదే తిరిగి వస్తుంది. గుండ్రని మచ్చలుగా పోయేదాన్ని మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. దానికి చికిత్స ఉంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా కారణాలు కావచ్చు. అందుచేత ప్యాచ్ దుకాణానికి వెళ్లే ముందు చర్మవైద్యుని దగ్గరకు వెళ్లాలి. చాలామంది ఈ మొదటి మెట్టును దాటవేసి నేరుగా రెండో మెట్టు మీద కాలు పెడతారు.

సహీహ్ ముస్లింలో ఒక ఉల్లేఖనం ఉంది. అబ్దుల్లాహ్ బిన్ సర్జిస్ (ర) హజ్రత్ ఉమర్ (ర) నల్లరాతిని ముద్దు పెట్టుకోవడం గురించి చెబుతూ, ఆయనను బట్టతల గల వ్యక్తిగానే ప్రస్తావించారు. అందులో ఎగతాళి లేదు. ఆయనను గుర్తించడానికి అదొక ఆనవాలు, అంతే. విశ్వాసుల నాయకునికి ఆ తల వల్ల ఏ లోటూ కలగలేదు.

మరి మన ఇళ్లలో? ‘గంజా’ అనీ, ‘టక్లా’ అనీ, ‘గుండు’ అనీ మేనమామలూ, బావలూ, చివరికి చిన్నపిల్లలూ నవ్వుతారు. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 11వ ఆయతు ఒకరినొకరు ఎగతాళి చేయడాన్నీ, చెడ్డ పేర్లతో పిలవడాన్నీ నిషేధించింది. మీ అబ్బాయి ఆ జిగురు డబ్బా దాకా వెళ్లడానికి ముందు మీ ఇంట్లో, బంధువర్గంలో ఎవరెవరు ఏమేమి అన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. అతనితో మాట్లాడేటప్పుడు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ప్యాచ్ అంటే ఏమిటి?

పలుచని ఆధారం మీద వెంట్రుకలను ఒక్కొక్కటిగా ముడివేసి లేదా నాటి తయారుచేస్తారు. ఆధారం ప్రధానంగా మూడు రకాలు. సన్నని వల వంటిది లేస్. దానిలో గాలి ఆడుతుంది, నుదుటి అంచు సహజంగా కనిపిస్తుంది, కాని త్వరగా చిరుగుతుంది. గట్టి దారపు నేత వంటిది మోనో. ఎక్కువ కాలం మన్నుతుంది. చర్మం వంటి పలుచని పొరతో చేసినది స్కిన్ బేస్. అతికించడం, శుభ్రం చేయడం తేలిక, కాని గాలి ఆడదు. ఈ మూడింటినీ కలిపి చేసినవీ ఉన్నాయి.

తలపై నిలిపే పద్ధతులు కూడా మూడు: పక్కనున్న సొంత జుట్టుకు బిగించే క్లిప్పులు, రెండు వైపులా అంటుకునే టేపు, ద్రవరూపంలో ఉండే జిగురు. క్లిప్పులను ఇంట్లో ఎవరికి వారే తీసి పెట్టుకోవచ్చు. టేపును కొంచెం అలవాటు మీద తీయవచ్చు. జిగురుతో గట్టిగా అతికించినదాన్ని వారాల తరబడి కదిలించరు. మీ అబ్బాయి ఇబ్బందికి మూలం ఈ మూడో పద్ధతి.

ఎవరి జుట్టు?

జుట్టుకు జుట్టు కలిపే స్త్రీని, కలిపించుకునే స్త్రీని దైవప్రవక్త (స) శపించారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఒక అన్సారీ అమ్మాయికి పెళ్లయ్యాక జబ్బుచేసి జుట్టు రాలిపోతే, ఆమె వాళ్లు వచ్చి వేరే జుట్టు కలపవచ్చా అని అడిగారు. దైవప్రవక్త (స) అనుమతించలేదు. మన ఇళ్లలో జడకు పెట్టే సవరం ఈ కోవలోకే వస్తుంది. ఈ హదీసులలోని మాట స్త్రీల గురించి వచ్చినా, పురుషులకు మినహాయింపు ఉందని అర్థం కాదు.

దీని పరిధి విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. మనిషి శరీర భాగానికి గౌరవం ఉంది కాబట్టి మానవ కేశాలను వాడరాదని, ఉన్ని, జంతువుల వెంట్రుకలు వంటి వాటికి అవకాశం ఉందని (పంది వెంట్రుకలు తప్ప) హనఫీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. మాలికీ విద్వాంసులు మరింత కఠినంగా ఏ రకం జుట్టునూ కలపరాదన్నారు. మన కాలపు విద్వాంసులలో కొందరు అందం కోసం కలపడాన్నీ, లోపాన్ని కప్పుకోవడాన్నీ వేరుచేసి చూస్తున్నారు. సొంత వెంట్రుకలనే తల వెనుక నుంచి తీసి ముందు నాటే చికిత్స వేరు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజాయలో జరిపిన సమావేశంలో, రాలిన జుట్టును తిరిగి నాటించుకోవడాన్ని అనుమతించదగిన చికిత్సలలో చేర్చింది. మీరు ఏ మద్హబును అనుసరిస్తారో దాని విద్వాంసుణ్ణి నేరుగా అడగండి. అడిగేటప్పుడు ‘విగ్గు పెట్టవచ్చా?’ అని ముక్తసరిగా అడగవద్దు. ఆధారం ఏది, జుట్టు ఎవరిది, ఎలా అతికిస్తారు, ఎన్ని రోజులకు తీస్తారు అన్నీ చెప్పి అడగండి. జవాబు ఆ వివరాల మీదే ఆధారపడి ఉంటుంది.

బజారులో దొరికే మంచి ప్యాచ్‌లలో అధికభాగం మానవ కేశాలతో చేసినవే. మన తెలుగునాటి నుంచి ఈ జుట్టు విరివిగా వెళుతుంది. తిరుమలలో సమర్పించే తలనీలాలను వేలం వేయడం అందరికీ తెలిసినదే. వీధుల్లో తిరిగి, దువ్వెనకు వచ్చిన జుట్టు తీసుకుని గిన్నెలు ఇచ్చే వర్తకులనూ మనం చూశాం. కాబట్టి మానవ కేశాలు వద్దనుకునేవారు కృత్రిమ జుట్టు అని దుకాణదారు అన్నంత మాత్రాన నమ్మనక్కర లేదు. ఒక వెంట్రుకను పటకారుతో పట్టుకుని మంటకు చూపండి. వెంట్రుక అయితే ఈకలు కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. కృత్రిమ పోగు అయితే కరిగి గట్టి పూసలా మారుతుంది. అయితే ఈ పరీక్షతో మనిషి జుట్టునూ జంతువు వెంట్రుకనూ వేరుచేయలేము. కృత్రిమ జుట్టుకు కొన్ని పరిమితులు ఉన్నాయి: వేడి తగిలితే పాడవుతుంది, త్వరగా చిక్కుపడుతుంది, వెలుగులో అసహజంగా మెరుస్తుంది.

వుజూ, గుస్ల్

మీ అబ్బాయి ఏ జవాబూ తెలియక నమాజు మానేశాడు. ఆ జవాబు అంత కష్టమైనది కాదు.

వుజూలో తలను మస్హ్ చేయమని మాయిదా సూరా 6వ ఆయతు ఆదేశించింది. ఎంత భాగం చేయాలన్న దానిలో భేదం ఉంది. హనఫీల ప్రకారం తలలో నాలుగో వంతు ఫర్జ్, షాఫయీల ప్రకారం కొద్ది భాగమైనా చాలు, మాలికీల ప్రకారం తల మొత్తం. ప్యాచ్ నడినెత్తిన మాత్రమే ఉండి, చెవుల పైన, తల వెనుక సొంత జుట్టు ఉన్న హనఫీ ఆ సొంత జుట్టు మీద నాలుగో వంతు మేరకు తడిచేయి రాస్తే ఫర్జ్ నెరవేరుతుంది. ప్యాచ్ మీద మాత్రమే రాస్తే నెరవేరదు. అది అతని తల కాదు.

ఫర్జ్ అయిన గుస్ల్ సంగతి వేరు. అక్కడ నీరు తలచర్మానికీ, కుదుళ్లకూ చేరాలి. జిగురు, టేపు, స్కిన్ బేస్ నీటిని చర్మానికి చేరనివ్వవు. లేస్‌లోంచి నీరు దిగినా, దాని చుట్టూ ఉన్న జిగురు కింద దిగదు. ‘గాయానికి కట్టిన పట్టీ వంటిది కాదా?’ అని కొందరు అడుగుతారు. పట్టీ తీస్తే గాయం ముదురుతుంది కాబట్టి దానికి వెసులుబాటు ఇచ్చారు. ప్యాచ్ తీస్తే ఎవరికీ గాయం కాదు. కనుక గుస్ల్ అవసరమైనప్పుడు దాన్ని తీయవలసిందే.

ఇక పెళ్లయిన పురుషుడు మూడు వారాలకోసారి మాత్రమే తీయగల ప్యాచ్‌తో ఎలా ఉండగలడు? అందుచేత పెట్టుకోక తప్పదనుకుంటే, విద్వాంసుడు అనుమతించిన రకాన్ని క్లిప్పులతోనో, ఇంట్లోనే తీయగల టేపుతోనో పెట్టుకోవాలి. ఉమ్రాకు, హజ్‌కు వెళ్లే పురుషుడు ఇహ్రామ్‌లో తల కప్పరాదు కాబట్టి అక్కడ ప్యాచ్ పూర్తిగా తీసివేయాలి. ఇహ్రామ్ విడిచేటప్పుడు ప్యాచ్‌లోని జుట్టును కత్తిరించడం లెక్కకు రాదు.

గడిచిన నమాజుల కజా విషయం స్థానిక విద్వాంసునితో మాట్లాడి తేల్చుకోవచ్చు. దానికోసం రేపటి ఫజ్ర్‌ను ఆపవద్దు.

పెట్టుకునేవారు పాటించవలసినవి

ప్యాచ్‌ను ఎప్పుడూ పీకి తీయరాదు. అంచుల వెంట రిమూవర్ ద్రవాన్ని రాసి, కొన్ని నిమిషాలు ఆగి, ఒక మూల నుంచి నెమ్మదిగా లేపాలి. తొందరపడితే ఆధారం చిరుగుతుంది, చర్మం లేస్తుంది, మిగిలిన సొంత జుట్టు కూడా ఊడుతుంది. ఇటువంటి ద్రవాలలో చాలావాటికి నిప్పు అంటుకునే గుణం ఉంటుంది. వంటగదిలో, పొయ్యి దగ్గర ఈ పని చేయవద్దు. పిల్లలకు అందనివ్వవద్దు.

కడిగేటప్పుడు గోరువెచ్చని నీరు, గాఢత తక్కువగా ఉన్న షాంపూ వాడాలి. బట్టలు ఉతికినట్టు రుద్దడం, పిండడం కూడదు. జుట్టు పడే దిశలోనే వేళ్లతో జార్చాలి. కండిషనర్‌ను వెంట్రుకల చివరలకే రాయాలి. ముడుల దగ్గర రాస్తే అవి వదులై జుట్టు రాలుతుంది. తువ్వాలుతో అద్ది, నీడలో స్టాండు మీద ఆరబెట్టాలి. పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చివరల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.

కొబ్బరినూనె మన అలవాటు. కాని నూనె తగిలిన చోట టేపు పట్టదు. రాత్రి ప్యాచ్ తీశాక తలకు రాసుకోవచ్చు, ఉదయం షాంపూతో కడిగి, చర్మం పూర్తిగా ఆరిన తరువాతనే మళ్లీ పెట్టుకోవాలి. తడిచర్మం మీద అతికిస్తే దుర్వాసన, దురద తప్పవు. మన వేసవిలో చెమట వల్ల టేపు త్వరగా వదులవుతుంది. అది కంపెనీ చెప్పిన రోజుల లెక్కకు కట్టుబడదు. రాత్రిళ్లు తలను ఖాళీగా వదిలి నిద్రపోవడం చర్మానికి మేలు.

ప్యాచ్ జుట్టు పెరగదు. ఒకసారి పొట్టిగా కత్తిరిస్తే అంతే. పక్కనున్న సొంత జుట్టు మాత్రం పెరుగుతుంది కాబట్టి రెండూ కలిసేలా మూడు నాలుగు వారాలకోసారి సరిచేయించాలి. ఎండకు మానవ కేశాల రంగు ఎర్రబారుతుంది. రంగు వేయాలంటే తల మీద ఉండగా కాక, తీసి వేయాలి. హెయిర్ డైలలోని కొన్ని రసాయనాలు కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తాయి.

జిగురు, టేపు కూడా అలర్జీ కలిగించవచ్చు. మొదటిసారి వాడేముందు మోచేతి లోపలివైపు కొంచెం అంటించి 48 గంటలు చూడాలి. ఎర్రబడడం, చీము పొక్కులు, రసి కారడం కనిపిస్తే ప్యాచ్ తీసేసి చర్మవైద్యునికి చూపించాలి. పొక్కుల మీద మళ్లీ అతికించడం వల్లనే చిన్న సమస్య పెద్దదవుతుంది. క్లిప్పులు వాడేవారు రోజూ ఒకేచోట బిగిస్తే ఆ లాగుడుకు అక్కడి సొంత జుట్టు కూడా పలచబడుతుంది. చోటు మారుస్తూ ఉండాలి.

ఇక ఖర్చు. ఇది ఒకసారి కొని మరిచిపోయే వస్తువు కాదు. పలుచని ప్యాచ్ కొన్ని నెలలకే పాడవుతుంది, గట్టిది జాగ్రత్తగా వాడితే ఏడాది వరకు రావచ్చు. అమ్మేవారు మొదటి ధరనే చెబుతారు. ఏడాదికి ఎన్ని ప్యాచ్‌లు, ఎంత టేపు, సర్వీసుకు ఎంత అని అడిగి, మొత్తం కాగితం మీద రాయించుకుని అప్పుడు నిర్ణయించుకోండి. పొట్టిగా కత్తిరించుకున్న జుట్టుకు, శుభ్రమైన టోపీకి ఈ ఖర్చేదీ లేదు.

నికాహ్‌కు ముందు

ఇప్పుడు మీకు నిద్రపట్టనివ్వని ప్రశ్నకు వద్దాం.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వాన తడిపిందని వర్తకుడు చెప్పాడు. ప్రజలు చూసేలా ఆ తడిసిన గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) ప్రశ్నించి, మోసగించేవాడు తమకు చెందినవాడు కాడని హెచ్చరించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఆ వర్తకుడు వానను కురిపించలేదు. గింజలు తడవడం అతని తప్పు కాదు. తడిని కిందికి నెట్టడం అతని తప్పు.

మీ అబ్బాయి జుట్టు రాలడం కూడా వాన వంటిదే. దాన్ని దాచి నికాహ్ చేయడం మాత్రం మీ చేతిలోని పని. పెళ్లికి ముందు ఒకరినొకరు చూసుకోవాలని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ చూపు ఉద్దేశం ఉన్నది ఉన్నట్టు తెలియడమే. అమ్మాయి చూసి ఇష్టపడిన రూపంలో ఒక భాగం కొని తెచ్చినదైతే, ఆమె అంగీకారం పూర్తిగా తెలిసి ఇచ్చినది అవుతుందా?

‘పెళ్లయ్యాక ఎలాగూ తెలుస్తుంది’ అన్న మీవారి మాట నిజమే. కాని ఆమెకు అప్పుడు తెలిసేది బట్టతల ఒక్కటే కాదు. అత్తమామలూ భర్తా కలిసి తనకు చెప్పలేదని కూడా తెలుస్తుంది. జుట్టు లేకపోవడాన్ని ఒక భార్య నెలరోజుల్లో మరిచిపోవచ్చు. రెండవదాన్ని మరిచిపోవడానికి ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు.

చెప్పే విధానం ఇది. శుభలేఖలు అచ్చువేయించక ముందే మీరు స్వయంగా అమ్మాయి తల్లిని కలవండి. మధ్యవర్తి ద్వారా కబురు పంపవద్దు. అది బజారు మాటగా మారుతుంది. ప్యాచ్ లేకుండా తీసిన అబ్బాయి ఫోటో ఒకటి తీసుకువెళ్లండి. ‘ముందే చెప్పవలసింది, చెప్పలేకపోయాం, మన్నించండి’ అని మొదలుపెట్టండి. ఈ సంగతి అమ్మాయికి తప్పక చేరాలని, జవాబు ఆమెదే కావాలని కోరండి. ఆలోచించుకోవడానికి వారికి వారం పదిరోజులు ఇవ్వండి. ఆ రోజుల్లో ఒత్తిడి చేయవద్దు. వీలైతే పెద్దల సమక్షంలో అబ్బాయి మామూలు తలతో వారింటికి వెళ్లాలి. అన్నిటికన్నా కష్టమైనది అదే. ఆ గడప దాటితే ఇక అతనికి భయపడవలసినదేమీ ఉండదు.

సంబంధం తప్పిపోవచ్చు. ఆ అవకాశాన్ని మీ నుంచి దాచడం కూడా మోసమే అవుతుంది కనుక చెబుతున్నాము. అయినా పెళ్లికి ముందు తప్పిన సంబంధం రెండు కుటుంబాలకూ కొన్నాళ్ల బాధ. పెళ్లి తరువాత తప్పిన నమ్మకం ఇద్దరి జీవితాల బాధ. వాళ్లు సరేనంటే, మీ అబ్బాయి తన ఇంట్లో తన తలతో తిరుగుతాడు. ఆ తరువాత ప్యాచ్ ఉంచుకోవాలా వద్దా అన్నది భార్యాభర్తలు ఇద్దరూ కలిసి, ధర్మవేత్తను అడిగి తేల్చుకునే చిన్న విషయం.

సోదరీ, ఈ ఉత్తరాన్ని మీ అబ్బాయికి చదివి వినిపించండి. తరువాత అతని పక్కన కూర్చుని, రిమూవర్ సీసా తెచ్చి, మీ చేతులతో మీరే ఆ ప్యాచ్ తీసిపెట్టండి. చిన్నప్పుడు అతని తల దువ్విన చేతులవి. గుస్ల్ చేసి రమ్మనండి. ఇషా నమాజుకు అతనూ అబ్బా ఇద్దరూ కలిసి మసీదుకు వెళ్లాలి. అమ్మాయి ఇంటికి వెళ్లే దారి అక్కడి నుంచే మొదలవుతుంది.

అల్లాహ్ మీ కుమారునికి ధైర్యాన్ని, మంచి జీవిత భాగస్వామిని ప్రసాదించుగాక! మన ఇళ్లలో ఎగతాళి మాటలు ఆగిపోవుగాక! ఆమీన్.